పాత ఇంగ్లిష్ నాటకం నుంచి కొటేషన్: ఏ ప్రతి, ఏ తేదీ, ఏ పేజీ?

ఆన్‌లైన్ నిఘంటువులో ఒక మాట కింద షేక్‌స్పియర్ వాక్యం ఉదాహరణగా చేర్చడం పైకి ఐదు నిమిషాల పనే. నెట్‌లో హామ్లెట్ దొరుకుతుంది, వాక్యం కాపీ చేస్తాం, పక్కన "షేక్‌స్పియర్, హామ్లెట్, 1600" అని రాస్తాం, అయిపోతుంది. కానీ ఆ రోజుల్లో అచ్చయిన హామ్లెట్ ఒక్కటి కాదు. 1603లో ఒకటి వచ్చింది, 1604–05లో మరొకటి, 1623లో ఇంకొకటి. మూడింట్లో పాఠం మూడు రకాలుగా ఉంది. ఇవాళ మనం చదివే హామ్లెట్ ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని తర్వాతి సంపాదకులు కూర్చినది. అంటే నాలుగోది.

కథ చదువుకునేవాళ్లకు దీంతో పేచీ లేదు. నిఘంటువుకు మాత్రం ఉంది. ఫలానా మాట ఫలానా ఏడాది నాటికే వాడుకలో ఉందని చెప్పే సాక్ష్యం అక్కడ పెట్టే ప్రతి కొటేషన్. ఎవరైనా రాయగలిగే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఇంగ్లిష్ విక్షనరీలో పనిచేసే మనవాళ్లకూ, ఎం.ఏ. ఇంగ్లిష్ ప్రాజెక్టుల కోసం మాటల చరిత్ర తవ్వే విద్యార్థులకూ ఏ ప్రతి చూపాలి, ఏ తేదీ వేయాలి, చోటు ఎలా గుర్తించాలి అనే మూడు చిక్కులూ ఒకేసారి ఎదురవుతాయి. నేను పట్టుకునే సూత్రం ఒకటే. మాట ఏ కాగితం మీద అచ్చయి ఉందో ఆ కాగితాన్నే చూపాలి; తేదీ, పేజీ, స్పెల్లింగ్ మూడూ దానివే కావాలి. పాఠం ఒక పుస్తకానిది, తేదీ ఇంకో పుస్తకానిది, పేజీ మరో పుస్తకానిది అయితే అలాంటి కొటేషన్ లేకపోవడమే నయం.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

చూడాల్సినవి ఐదు. మొదటిది, ఆ మాట నిజంగా ఆ ముద్రణలో ఉందా. రెండోది, తేదీ ఎంత గట్టిది. మూడోది, మీ తర్వాత వచ్చినవాళ్లు అదే చోటును పట్టుకోగలరా. నాలుగోది, మామూలు పాఠకుడు చదవగలడా. ఐదోది, మీకెంత ఓపిక, ఎంత టైమ్ ఉంది.

వీటికి సమాన మార్కులు వేయకండి. మొదటిది తప్పితే మిగతా నాలుగూ ఎంత బాగున్నా లాభం లేదు. చదవడానికి హాయిగా ఉండటం అన్నిటికన్నా చివర. కావాలంటే కొటేషన్ కింద ఆధునిక స్పెల్లింగ్‌లో ఇంకో వరస ఇచ్చుకోవచ్చు, కానీ లేని మాటను ఉన్నట్టు చూపించే దారి మాత్రం లేదు.

క్వార్టోనా, ఫోలియోనా, ఇవాళ్టి ఎడిషనా

ముందు పేర్లు. పెద్ద కాగితాన్ని ఒకసారి మడిస్తే రెండు ఆకులు, అది ఫోలియో. రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు, అది క్వార్టో. నాటకాలు విడివిడిగా చవక పుస్తకాలుగా వచ్చింది ఎక్కువగా క్వార్టో సైజులో. షేక్‌స్పియర్ చనిపోయిన ఏడేళ్లకు, 1623లో, అతని తోటి నటులు జాన్ హెమింజెస్, హెన్రీ కాండెల్ 36 నాటకాలను ఒకచోట చేర్చి వేయించిన పెద్ద పుస్తకమే ఫస్ట్ ఫోలియో. వాటిలో 18 అంతకుముందు అచ్చే కాలేదు. మాక్‌బెత్, టెంపెస్ట్ లాంటివి ఈ పుస్తకం లేకపోతే మనకు దక్కేవే కావు.

| | తొలి క్వార్టో | ఫస్ట్ ఫోలియో, 1623 | ఇవాళ్టి ఎడిషన్ |
|---|---|---|---|
| మాటకు సాక్ష్యం | గట్టిది, అచ్చు తప్పులు చూసుకోవాలి | గట్టిది, కొన్ని మాటలు తీసేసి ఉంటాయి | సంపాదకుడి దిద్దుబాట్లు కలిసి ఉంటాయి |
| తేదీ | సాధారణంగా ముందుది | 1623 | ఆ ఎడిషన్ వచ్చిన ఏడాది |
| అంకం, దృశ్యం | చాలావాటిలో ఉండవు | కొన్నిట్లో ఉంటాయి, కొన్నిట్లో సగంలో ఆగిపోతాయి | పూర్తిగా ఉంటాయి |
| చదవడం | కష్టం | కొంచెం కష్టం | సులువు |
| ఎవరికి | మాట తొలి వాడుక వెతికేవాళ్లకు | క్వార్టో లేని నాటకాలకు | అర్థం తెలుసుకోవడానికి, చోటు పట్టుకోవడానికి |

ఇవాళ్టి ఎడిషన్‌ను సాక్ష్యంగా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. హామ్లెట్ మొదటి అంకంలో తన శరీరం కరిగిపోతే బాగుండునని ఏడ్చే మాటలున్నాయి. ఆ శరీరానికి వేసిన విశేషణం 1623 ఫోలియోలో "సాలిడ్". 1603, 1604–05 క్వార్టోలు రెండింట్లోనూ "శాలీడ్", రెండో అక్షరం ఎ. నేటి ఎడిషన్లు కొన్నిట్లో మాత్రం "సల్లీడ్" అని ఉంటుంది, రెండో అక్షరం యూ, మలినమైన అని అర్థం. క్వార్టోలోది ఈ మాటకే మరో స్పెల్లింగ్ అని వాదించే సంపాదకులున్నారు, వాళ్ల వాదన కొట్టిపారేసేదీ కాదు. అయినా యూ అక్షరంతో ఆ మాట మూడు పాత ముద్రణల్లో ఒక్కదానిలోనూ ఆ చోట లేదు. నిఘంటువులో ఆ మాట పేజీలో "షేక్‌స్పియర్, 1604" అని పెట్టేస్తే తేదీ షేక్‌స్పియర్‌దీ, మాట సంపాదకుడిదీ అవుతుంది.

ఐదో హెన్రీ నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర చావు ఘట్టం ఇంకా ముచ్చటగా ఉంటుంది. చివరి క్షణాల్లో అతను పచ్చిక బయళ్ల గురించి ఏదో గొణిగాడని అందరూ చదువుకునే వాక్యం అక్కడే ఉంది. గొణగడం అనే అర్థమున్న "బాబుల్డ్" అనే ఆ క్రియ ఫోలియోలో లేదు. అక్కడ అచ్చయింది "ఎ టేబుల్ ఆఫ్ గ్రీన్ ఫీల్డ్స్". అర్థం కుదరక తలలు పట్టుకున్నవాళ్ల మధ్య 18వ శతాబ్దంలో లూయిస్ థియోబాల్డ్ అనే సంపాదకుడు ఈ దిద్దుబాటు చేశాడు. ఎంత అందంగా కుదిరిందంటే లోకమంతా అదే ఒప్పేసుకుంది. 1600 క్వార్టోలో ఆ చోట పూల గురించి మాట్లాడాడని మాత్రమే ఉంది. ఆ క్రియకు ఉదాహరణగా ఈ వాక్యం పెట్టాలనుకుంటే అది థియోబాల్డ్ పేరు మీద, అతని ఎడిషన్ తేదీతో పెట్టాలి. మాక్‌బెత్‌లో మంత్రగత్తెల్ని పిలిచే "వియర్డ్" కథా ఇదే. ఫోలియోలో కనిపించేవి "వేవర్డ్", "వేయర్డ్" అని పలికించే స్పెల్లింగులు. ఇవాళ్టి రూపాన్ని నిలబెట్టింది మళ్లీ థియోబాల్డే.

నెట్‌లో ఉచితంగా దొరికే షేక్‌స్పియర్ పాఠాల్లో చాలావాటికి మూలం 1864 నాటి గ్లోబ్ ఎడిషన్. అక్కణ్నుంచి కాపీ చేస్తే ఈ దిద్దుబాట్లన్నీ మనకు తెలియకుండానే వెంట వచ్చేస్తాయి.

అలాగని ఎప్పుడూ క్వార్టోనే పట్టుకోమనడం లేదు. రెండూ ఉన్న నాటకమైతే మీకు కావాల్సిన మాట ఎందులో ఉందో అదే మీ ప్రతి. ఒథెల్లో చూడండి. 1622 క్వార్టోలో పాత్రలు "జౌండ్స్" అని దేవుడి గాయాల మీద ఒట్టు పెట్టుకుంటూ నోటికొచ్చినట్టు మాట్లాడతాయి. మరుసటి ఏడాది ఫోలియోలో ఆ ఒట్లు మాయం. రంగస్థలం మీద దేవుడి పేరుతో ఒట్లు వేయకూడదని 1606లో చట్టం వచ్చింది, ఫోలియో పాఠంలో కనిపించేది దాని ప్రభావమేనని పండితుల అభిప్రాయం. తిట్లు, ఒట్లు, వీధి మాటలు వెతికేవాళ్లు ఒథెల్లోకు ఫోలియో తెరిచి కూర్చుంటే ఖాళీ చేతులతో లేస్తారు. రోమియో జూలియట్‌లో పేరులో ఏముందనే ప్రసిద్ధ వాక్యంలో గులాబీని ఏ "నేమ్"తో పిలిచినా అన్నది 1597 క్వార్టో పాఠం. 1599 క్వార్టోలో, ఫోలియోలో అక్కడ "వర్డ్" ఉంది. 1597 క్వార్టోను పాడైన పాఠమని పండితులు తక్కువ చేస్తారు. నిఘంటువుకు ఆ తక్కువతనంతో పని లేదు. 1597లో లండన్‌లో అచ్చయిన ఇంగ్లిష్ అది, అంతే చాలు.

షేక్‌స్పియర్ దాటి వెళ్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. అదే కాలపు నాటకకర్త మార్లో 1593లో చనిపోయాడు. అతని డాక్టర్ ఫాస్టస్ 1604లో ఒక రూపంలో, 1616లో చాలా పెరిగిన ఇంకో రూపంలో అచ్చయింది. మధ్యలో, 1602లో, ఆ నాటకానికి కొత్త భాగాలు రాసినందుకు విలియం బర్డ్, శామ్యూల్ రౌలీలకు నాలుగు పౌండ్లు ఇచ్చినట్టు నాటకశాల యజమాని ఫిలిప్ హెన్‌స్లో ఖాతా పుస్తకంలో ఉంది. కాబట్టి 1616 ప్రతిలో మాత్రమే కనిపించే మాటను మార్లో మాటగా, 1590 ప్రాంతపు మాటగా చూపకూడదు. ఆ కాలపు మరో నాటకకర్త బెన్ జాన్సన్ అయితే తన నాటకాన్ని తానే తిరగరాశాడు. ఎవ్రీ మ్యాన్ ఇన్ హిజ్ హ్యూమర్ 1601 క్వార్టోలో కథ ఇటలీలో, పాత్రల పేర్లూ ఇటలీవే. 1616లో తన రచనలన్నీ కలిపి వేసిన ఫోలియోలో అదే కథ లండన్‌కు మారింది. లండన్ వీధుల పలుకుబడి కోసం 1616 ప్రతి బంగారు గని, కానీ తేదీ కూడా 1616 అనే వేయాలి. మనకిది కొత్త సంగతేం కాదు. కన్యాశుల్కం 1897 కూర్పుకూ, 1909లో పెంచి తిరగరాసిన కూర్పుకూ ఉన్న తేడా తెలిసినవాళ్లెవరూ రెండో దాంట్లోని మాటకు మొదటి దాని తేదీ వేయరు.

అదే ముద్రణలో రెండు ప్రతులు కలవకపోతే

ఇది చాలామందికి తట్టని సంగతి. ఆ రోజుల్లో ప్రెస్సు మీద అచ్చు నడుస్తుండగానే తప్పులు దిద్దేవారు, అప్పటికే పడ్డ కాగితాలను పారేయకుండా కొత్తవాటితో కలిపి కుట్టేసేవారు. కాగితం ఖరీదు మరి. అందువల్ల ఒకే ముద్రణలోని రెండు ప్రతుల్లో ఒకే పేజీ రెండు రకాలుగా ఉండొచ్చు.

1608 కింగ్ లియర్ క్వార్టో ప్రతులు ఇవాళ 12 మిగిలాయి. తుఫాను ఘట్టంలో తుఫానుకు వేసిన విశేషణం దిద్దకముందు పడ్డ కాగితాల్లో "క్రులెన్షస్", దిద్దిన కాగితాల్లో "టెంపెస్టియస్". ఫోలియోకు వచ్చేసరికి "కంటెన్షస్". మొదటిది మాటే కాదు, చేతిరాత చదవలేక అక్షరాలు పేర్చినవాడు తంటాలు పడిన గుర్తు. దానికి నిఘంటువులో పేజీ తెరవాలని ఉబలాటపడేవాళ్లు ఉంటారు, దయచేసి వద్దు. మెజర్ ఫర్ మెజర్‌లో ఏంజెలోకు వేసిన "ప్రెంజీ" విషయం వేరు. అది ఫోలియోలో రెండుసార్లు వస్తుంది, దాని అర్థం మీద శతాబ్దాలుగా వాదన నడుస్తోంది. అలాంటిదైతే వివాదం ఉందని స్పష్టంగా రాసి పెట్టొచ్చు.

అరుదైన మాట మీద పని చేస్తుంటే ఏ గ్రంథాలయపు ప్రతి చూశారో కూడా రాయండి. మామూలు మాటకైతే అంత అవసరం లేదు.

తేదీ: రాసినదా, ఆడినదా, అచ్చయినదా

రాసిన ఏడాది దాదాపు ఎప్పుడూ ఊహే. ఆడిన ఏడాదికి అప్పుడప్పుడు ఆధారం దొరుకుతుంది. అచ్చయిన ఏడాది సాధారణంగా పుస్తకం మొదటి పేజీ మీదే ఉంటుంది. నేను అచ్చయిన ఏడాదినే ముందు పెడతాను, రాసిన కాలాన్ని "సుమారు" అని చేర్చి పక్కన ఇస్తాను. ఇంగ్లిష్ విక్షనరీలో రాసిన కాలం ముందు, అచ్చు తేదీ వెనక ఇచ్చే పద్ధతి బాగా కనిపిస్తుంది. రెండూ ఉన్నంతవరకు వరస గురించి గొడవ పడక్కర్లేదు, ఒక్కటే ఉన్నప్పుడే ప్రమాదం.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ తన పద్ధతిని మార్చుకున్న తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. పాత ఎడిషన్‌లో టెంపెస్ట్ వాక్యాలకు 1610 అని, అంటే రాశాడనుకున్న ఏడాది వేసేవారు. ఇప్పుడు సవరిస్తున్న ఎడిషన్‌లో ఫోలియోలో మాత్రమే ఉన్న నాటకాలకు "1616కు ముందు" అని వేసి, పక్కన కుండలీకరణాల్లో 1623 ఇస్తున్నారు. 1616 షేక్‌స్పియర్ చనిపోయిన ఏడాది. ఇంతకన్నా నిజాయితీగా చెప్పే దారి నాకు కనిపించలేదు: ఆ మనిషి రాసి ఉంటే ఆ లోపే రాశాడు, మనం చూస్తున్న కాగితం మాత్రం 1623ది.

రాసిన కాలానికీ అచ్చుకూ ఎడం పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి. మార్లో జ్యూ ఆఫ్ మాల్టా 1590 ప్రాంతంలో ఆడింది, ప్రచురణ హక్కు కోసం 1594లో రిజిస్టర్‌లోకీ ఎక్కింది, కానీ మనకు దొరికే తొలి అచ్చు 1633ది. నలభై ఏళ్లకు పైగా ఆ రాతప్రతి ఎవరి చేతుల్లో తిరిగిందో, ఎవరు ఏ మాట మార్చారో చెప్పలేం. ఆ నాటకంలోని మాటను "1590" అని మాత్రమే వేసి, ఆ మాటకు అదే తొలి వాడుక అని ప్రకటించడం చాలా పెద్ద సాహసం.

మొదటి పేజీ మీది తేదీనీ గుడ్డిగా నమ్మొద్దు. 1619లో థామస్ పేవియర్ అనే ప్రచురణకర్త కోసం జాగర్డ్ ప్రెస్సులో వేసిన నాటకాల్లో కొన్నిటి మీద పాత తేదీలు కొట్టారు. మర్చంట్ ఆఫ్ వెనిస్, మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ మీద 1600. కింగ్ లియర్, ఐదో హెన్రీ మీద 1608. కాగితంలోని నీటిగుర్తుల్ని పోల్చి డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ ఈ గుట్టును 1908లో బయటపెట్టాడు. కాబట్టి 1608 లియర్ అని ఎదురైతే ఏ 1608 అని ఒకసారి చూసుకోండి, ఇలాంటివి రెండున్నాయి. నకిలీ తేదీది అయితే "1608 [నిజానికి 1619]" అని వేయాలి. హామ్లెట్ రెండో క్వార్టోకు మిగిలిన ఏడు ప్రతుల్లో మూడింటి మీద 1604, నాలుగింటి మీద 1605 ఉంది. అక్కడ మోసమేమీ లేదు, రెండు ఏళ్లూ కలిపి వేస్తే సరిపోతుంది.

చోటు ఎలా చెప్పాలి

"ఉండాలా, వద్దా" అనే ప్రసిద్ధ స్వగతాన్ని నాలుగు పద్ధతుల్లో గుర్తించి చూద్దాం.

| పద్ధతి | ఆ వాక్యానికి ఇలా ఉంటుంది | మంచి | చెడు |
|---|---|---|---|
| పేజీ సంఖ్య | ఫోలియో, విషాద నాటకాల భాగం, పేజీ 265 | ఎవరికైనా అర్థమవుతుంది | సంఖ్యలు తప్పుల తడక |
| ఫారం గుర్తు | 1603 క్వార్టోలో డి4 వెనక వైపు, రెండో క్వార్టోలో జి2 ముందు వైపు | ఆ పుస్తకానికి కచ్చితంగా అతుక్కుంటుంది | అలవాటు పడాలి |
| అంకం, దృశ్యం, పంక్తి | 3.1.56 గ్లోబ్ ఎడిషన్‌లో, 3.1.64 ఫోల్జర్ గ్రంథాలయపు ఎడిషన్‌లో | ఏ ఎడిషన్‌లోనైనా దగ్గరికి తీసుకెళ్తుంది | పంక్తి సంఖ్య ఎడిషన్‌కొకటి |
| హిన్‌మన్ వరుస సంఖ్య | 1710 | ఫోలియోలోని ఒక్కో నాటకానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే లెక్క | బయట ఎక్కువమందికి తెలియదు |

పేజీ సంఖ్య సంగతి వింటే నవ్వొస్తుంది. ఫోలియోలో సుఖాంతాలు, చారిత్రకాలు, విషాదాలు మూడు భాగాలు, ప్రతి భాగంలో లెక్క మళ్లీ ఒకటి నుంచి. అందుకే "ఫోలియో, పేజీ 50" అంటే ఒక చోటు కాదు. హామ్లెట్ మధ్యలో 156 తర్వాత పేజీ 257గా అచ్చయింది, ఒక్కసారిగా వంద ఎగిరిపోయింది. పై పట్టికలోని 265 ఆ గెంతు తర్వాతిదే. పుస్తకం చివరి పేజీ 399 కావాల్సింది 993గా పడింది. ట్రాయిలస్ అండ్ క్రెసిడా ఆఖరి నిమిషంలో వచ్చి చేరింది, విషయసూచికలో దాని పేరే లేదు, పేజీ సంఖ్యలు కూడా మొదట్లో ఒకట్రెండు తప్ప వేయలేదు. పేజీ సంఖ్య ఇవ్వొద్దని కాదు, అచ్చులో ఎలా ఉందో అలాగే ఇవ్వండి, సరిచేయకండి, ఏ భాగమో తప్పక చెప్పండి. ఫోలియోలో పేజీకి రెండు కాలమ్‌లు ఉంటాయి, ఏ కాలమ్‌లో ఉందో చెబితే వెతికేవాళ్ల కళ్లకు సగం శ్రమ తగ్గుతుంది.

క్వార్టోల్లో చాలావాటికి పేజీ సంఖ్యలే ఉండవు. అక్కడ దిక్కు ఫారం గుర్తే. మన ప్రెస్సుల్లో ఫారం అంటారు చూడండి, అచ్చు కాగితం మడతపెట్టగా వచ్చిన పేజీల కట్ట, అదే. బైండరు వరస తప్పకుండా ఉండటానికి ప్రతి కట్టకూ ఎ, బి, సి అని అక్షరం వేసి, మొదటి కొన్ని ఆకుల అడుగున బి, బి2, బి3 అని అచ్చు వేసేవారు. తర్వాతి ఆకులకు గుర్తు ఉండదు, మనమే లెక్కపెట్టుకోవాలి. అక్షరమాలలో జె, యూ, డబ్ల్యు వాడరు కాబట్టి 23 అక్షరాలే, అవి అయిపోతే జంట అక్షరాలు మొదలవుతాయి. ఆకు ముందు వైపా వెనక వైపా అని చివర చేరుస్తాం. మొదటి రెండు మూడు సార్లు తికమకగా ఉంటుంది, ఆ తర్వాత ఇంతకన్నా నమ్మకమైనది లేదనిపిస్తుంది.

అంకం, దృశ్యం విషయంలో ఒక మర్యాద పాటించాలి. ఫోలియో హామ్లెట్‌లో అంకాల విభజన రెండో అంకం రెండో దృశ్యంతో ఆగిపోయింది. మూడో అంకం అనే మాటే అందులో లేదు. అందుకే పాత ముద్రణను చూపుతూ అంకం ఇచ్చేటప్పుడు "[అంకం 3, దృశ్యం 1]" అని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి, ఇది తర్వాతివాళ్లు చేసిన విభజన అని చూసేవాళ్లకు తెలుస్తుంది. పంక్తి సంఖ్య ఇస్తే ఏ ఎడిషన్‌దో చెప్పి తీరాలి. గద్యంలో అయితే కాలమ్ వెడల్పును బట్టి పంక్తులు మారిపోతాయి, అసలు ఇవ్వకపోవడమే మేలు.

హిన్‌మన్ వరుస సంఖ్య 1968లో ఫోలియో నకలు ఎడిషన్ కోసం చార్ల్‌టన్ హిన్‌మన్ పెట్టినది. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ గ్రంథాలయంలో 82 ఫోలియో ప్రతులున్నాయి, వాటిలో 55 ప్రతుల్ని పేజీ పేజీ పోల్చి చూసిన మనిషి ఆయన. పరిశోధకులకు ఇది ప్రాణం. నిఘంటువు పాఠకుడికి మాత్రం 1710 అంటే ఏమిటో తెలియదు, అదనంగా ఇస్తే సరే, ఒక్కటే ఇవ్వొద్దు.

నా జోడీ ఇది: క్వార్టో అయితే ఫారం గుర్తు, ఫోలియో అయితే భాగం, పేజీ, కాలమ్; ఏదైనా సరే వెంట చదరపు కుండలీకరణాల్లో అంకం, దృశ్యం.

స్పెల్లింగ్

అచ్చులో ఉన్నట్టే ఉంచండి, ఒక్క పొడవు ఎస్ తప్ప. చూడటానికి ఎఫ్‌లా ఉండే ఆ అక్షరాన్ని మామూలు ఎస్‌గా మార్చినా సాక్ష్యానికి నష్టం లేదు, ఉంచితే మాత్రం కొత్త పాఠకులు ఎఫ్ అని చదివేస్తారు. దాన్నీ ఉంచాలనేవాళ్లున్నారు, మీరు పనిచేసే చోట నియమం అదే అయితే దాన్నే పాటించండి. మాట మొదట్లో వి, మధ్యలో యూ వేసే పద్ధతిని, జె బదులు ఐ వేయడాన్ని మాత్రం ముట్టుకోవద్దు. లవ్ అనే మాట "ఎల్, ఓ, యూ, ఈ" అని కనిపించడం వింతగా ఉన్నా ఆ స్పెల్లింగే తర్వాత ఎవరికో పనికొచ్చే ఆధారం. అచ్చు తప్పు స్పష్టంగా ఉంటే అలాగే ఉంచి పక్కన సరైన రూపం కుండలీకరణాల్లో ఇవ్వండి.

ఎక్కడ చూడాలి

పేజీ ఫొటో చూడటం అన్నిటికన్నా ఉత్తమం. ఫోల్జర్ గ్రంథాలయం, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం తమ ఫోలియో ఫొటోల్ని ఉచితంగా పెట్టాయి. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం నుంచి మొదలైన ఇంటర్నెట్ షేక్‌స్పియర్ ఎడిషన్స్‌లో పాత ముద్రణల పాఠాలు పాత స్పెల్లింగ్‌లోనే ఉంటాయి. మార్లో, జాన్సన్, మిగతావాళ్ల కోసం టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్ పాఠాలు వాడుకోవచ్చు. వాటిలో 25 వేలకు పైగా పుస్తకాలు 2015 జనవరి 1 నుంచి అందరికీ ఉచితం, 2020లో ఇంకా చేరాయి. ఇవి యంత్రం చదివినవి కావు, మనుషులు టైపు చేసినవి కాబట్టి పొడవు ఎస్‌ను ఎఫ్‌గా పొరబడే గోల తక్కువ. కాకపోతే టైపు చేసింది మైక్రోఫిల్మ్ ఫొటోలు చూసి, చదవడానికి వీల్లేని అక్షరం దగ్గర చుక్క వంటి గుర్తు వేసి వదిలేశారు. మీకు కావాల్సిన మాటలోనే ఆ చుక్క ఉంటే ఊహించి పూరించకుండా ఫొటో దగ్గరికే వెళ్లాలి. స్కాన్ పుస్తకాల సైట్లలో యంత్రం చదివిన పాఠాన్ని వెతకడానికి వాడుకోండి, కాపీకి వాడొద్దు.

ఏ నాటకం ఎన్నిసార్లు, ఏ ఏడాది, ఏ సైజులో అచ్చయిందో తెలియాలంటే డీప్ అనే పేరుతో నడిచే పాత నాటక పుస్తకాల డేటాబేస్ తెరిస్తే చాలు. నాటకమంటే క్వార్టోనే అనుకునేవాళ్లకు అది మంచి మందు. మార్లో టాంబర్‌లేన్ 1590 ముద్రణ క్వార్టో కాదు, ఇంకా చిన్నదైన ఆక్టావో. మొదటి పేజీ మీద మార్లో పేరు కూడా లేదు.

మీ పనికి ఏది

మామూలు మాటకు అందమైన ఉదాహరణ కావాలి, అంతే అనుకుంటే ఫోలియో ఫొటో, పేజీ, కాలమ్, అంకం. పది నిమిషాల పని. ఇంతకన్నా టెన్షన్ పెట్టుకోవద్దు.

ఒక మాట తొలి వాడుక కోసమే వెతుకుతుంటే డీప్‌లో ముద్రణల జాబితా చూసి, అన్నిటికన్నా పాతదాంట్లో ఆ మాట ఉందో లేదో ఫొటోలో నిర్ధారించుకుని, ఫారం గుర్తుతో పెట్టాలి. తర్వాతి ముద్రణల్లో ఆ చోట ఏముందో కూడా ఒక వాక్యంలో రాస్తే ఎదుటివాళ్లకు పని తగ్గుతుంది.

ఒక నాటకం నుంచి వందల కొటేషన్లు వరసగా చేర్చాలనుకునేవాళ్లు ముందే ఒక్క ముద్రణ ఎంచుకుని దానికో మూస తయారుచేసుకోండి. శీర్షిక, ముద్రాపకుడు, ఏడాది అందులో ఒకసారి సరిగ్గా పెడితే ప్రతిసారీ కొట్టక్కర్లేదు. ఆ మూసలో క్వార్టో వివరాలుండి మీరు కాపీ చేసేది గ్లోబ్ పాఠమైతే మాత్రం వందల తప్పులు ఒకేసారి నాటినట్టే.

ఫోన్ ఒక్కటే ఉంది, ఫొటోలు తెరుచుకోవడం లేదు అంటే ఆధునిక ఎడిషన్‌నే వాడండి, కానీ దాని పేరు, దాని ఏడాదే వేయండి. 1864 గ్లోబ్ అని నిజం చెప్పిన కొటేషన్‌ను ఇంకొకరు ఎప్పుడైనా పాత ప్రతితో సరిచూసి మార్చగలరు.

కొత్తవాళ్లు తరచుగా పడే గొయ్యి ఇంకొకటుంది. ఒక మాటకు పేజీ నిలబడాలంటే ఇంగ్లిష్ విక్షనరీ ఒకదానిపై ఒకటి ఆధారపడని మూడు వాడుకలు అడుగుతుంది, వాటిలో మొదటిదానికీ చివరిదానికీ కనీసం ఏడాది ఎడం కూడా ఉండాలి. 1603 క్వార్టో, 1604–05 క్వార్టో, 1623 ఫోలియో మూడింట్లోనూ అదే వాక్యం ఉంది కదా, మూడు తేదీలూ ఉన్నాయి కదా అని లెక్క చూపితే చెల్లదు. అది ఒకే నాటకంలోని ఒకే వాక్యం మూడుసార్లు అచ్చవడం. మిగతా రెండింటినీ అదే కాలపు నాటకకర్తలు డెకర్ దగ్గరో, మిడిల్టన్ దగ్గరో, ఆ కాలపు కరపత్రాల్లోనో వెతుక్కోవాల్సిందే.